చార్జరే కదా... అనుకోకండి!

సెమిస్టర్ పరీక్షలు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ప్రాజెక్టు రిపోర్టు సగంలో ఆగింది. సరిగ్గా అప్పుడే లక్ష రూపాయలు పోసి కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్ తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడుతుంది. చార్జర్ పెడితే లైటు వెలగదు. ప్లగ్గు తీసి పెట్టినా, వైరు కాస్త వంచి పట్టుకున్నా ఉలకదు, పలకదు. అబ్బాయి పరుగున వెళ్లి దగ్గర్లోని దుకాణంలో అడిగితే, కౌంటర్ వెనకాల వేలాడుతున్న చార్జర్లలోంచి ఒకటి తీస్తాడు యజమాని. పిన్ను దూర్చి చూపిస్తాడు. ‘చూడు తమ్ముడూ, ఎక్కుతోంది కదా... సేమ్ టు సేమ్!’ ధరేమో ఒరిజినల్‌లో నాలుగో వంతు. ఇంకేం కావాలి?

రిపోర్టు టైపు చేస్తున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంటుంది. పరీక్షలయ్యాక హాయిగా గేమ్ తెరిచిన రోజున అసలు కథ మొదలవుతుంది. మొన్నటిదాకా గుర్రంలా పరుగెత్తిన ఆట కాస్తా నత్తనడక నడుస్తుంది. చార్జర్ పెట్టే ఉన్నా బ్యాటరీ శాతం పడిపోతూ ఉంటుంది. ఇటుకను ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఇంకొంచెం అదృష్టం బాగాలేకపోతే మదర్‌బోర్డు మీద ఓ చిన్న భాగం మాడి, చార్జర్ మీద మిగిలిన డబ్బుకు పదింతలు సర్వీస్ సెంటర్‌లో కట్టాల్సి వస్తుంది.

పిన్ను ఎక్కినంత మాత్రాన అది మన చార్జర్ అయిపోదు. మామూలు ల్యాప్‌టాప్‌ల విషయంలో ఈ మాట సగం నిజమైతే, గేమింగ్ ల్యాప్‌టాప్‌ల విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. పైగా ఇప్పుడివి ఆటలాడుకునే కుర్రాళ్ల దగ్గరే లేవు. సివిల్, మెకానికల్ విద్యార్థులు డ్రాయింగుల కోసం, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఏఐ ప్రాజెక్టులు చేసేవాళ్లు... అందరూ వీటినే కొంటున్నారు. నెలనెలా వాయిదాలు కట్టేది మాత్రం ఇంటిపెద్దే. కాబట్టి ఈ సంగతులు పిల్లలతోపాటు వాళ్లూ తెలుసుకుంటే మంచిది.

అసలు పోయిందా, పోలేదా?

కొత్తది కొనేముందు పాతది నిజంగా పోయిందో లేదో చూసుకోవాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. చార్జర్ అంటే ఒక్క వస్తువు కాదు, మూడు. గోడ నుంచి ఇటుక దాకా వచ్చే కరెంటు తీగ ఒకటి, ఆ నల్లటి ఇటుక రెండు, దాన్నుంచి ల్యాప్‌టాప్‌కి వెళ్లే సన్నటి తీగ మూడు. మొదటి తీగ ఇటుకలోంచి విడిగా ఊడి వస్తుంది. పాడైంది అదే అయితే దాన్ని మాత్రం మారిస్తే చాలు... కొద్ది ఖర్చుతో పోతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కో మానిటర్‌కో వాడే తీగ సరిగ్గా సరిపోతే అది పెట్టి చూడొచ్చు.

తీగ మార్చినా ఇటుక మీది లైటు వెలగకపోతే, గోడ ప్లగ్గు తీసేసి ఓ పది నిమిషాలు వదిలేయండి. మంచి చార్జర్లు ఏదైనా తేడా వస్తే తమంతట తామే ఆగిపోతాయి. చల్లబడ్డాక మళ్లీ పెడితే లేచి కూర్చునేవీ ఉన్నాయి. లైటు వెలుగుతోంది, ల్యాప్‌టాప్‌కి పెట్టగానే ఆరిపోతోంది అంటే... అనుమానం చార్జర్ మీదే కాదు, ల్యాప్‌టాప్ మీదా పడాలి. లైటు నిలకడగా ఉన్నా చార్జింగ్ ఎక్కకపోతే పిన్ను దగ్గర తీగ తెగి ఉండొచ్చు, ల్యాప్‌టాప్‌లోని సాకెట్ వదులై ఉండొచ్చు. ఆ సాకెట్‌నే డీసీ జాక్ అంటారు. జాక్ పోతే ఎన్ని చార్జర్లు కొన్నా ప్రయోజనం లేదు. మెకానిక్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది. ఇటుక సరైన వోల్టేజీ ఇస్తోందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఎందుకంత ఆకలి?

ఇంట్లో ఆఫీసు పనికి వాడే ల్యాప్‌టాప్‌కి 45 లేదా 65 వాట్ల చార్జర్ చాలు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా 150 నుంచి మొదలై 180, 230, 240, 280, 330 వాట్లు, కొన్నిటికి అంతకు పైకి కూడా వెళ్తుంది. మన సీలింగ్ ఫ్యాన్ తినేది 75 వాట్లనుకుంటే, ఒక్క ల్యాప్‌టాప్ మూడు నాలుగు ఫ్యాన్లతో సమానమన్నమాట.

ఎక్కడికి పోతుందా కరెంటంతా? ఎక్కువ భాగం బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ చిప్‌కే. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 ల్యాప్‌టాప్ చిప్‌నే తీసుకోండి... మోడల్‌ని బట్టి అదొక్కటే 150 వాట్లు, పైన ఇంకో 25 వాట్ల దాకా లాగగలదు. దానికి ప్రాసెసర్, తెర, ఫ్యాన్లు, బ్యాటరీ చార్జింగ్ కలుపుకోవాలి. ఇంత భారాన్ని బ్యాటరీ ఒక్కటే మోయలేదు. లెక్క చూడండి: 80 వాట్-అవర్ల బ్యాటరీ మీద 200 వాట్ల ఆట ఆడితే 24 నిమిషాల్లో ఖాళీ. అసలు బ్యాటరీ అంత వేగంగా కరెంటు ఇవ్వలేదు కూడా. అందుకే ప్లగ్గు తీయగానే గేమింగ్ ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వీటి విషయంలో చార్జర్ అంటే బ్యాటరీ నింపే పరికరం కాదు, యంత్రంలో సగభాగం!

స్టిక్కరు చదవడం వచ్చా?

ఇటుకను తిరగేస్తే చీమల బారులాంటి అక్షరాలతో ఓ స్టిక్కరు ఉంటుంది. అందులో మనకు కావాల్సింది ‘అవుట్‌పుట్’ అన్న ఒక్క వరుసే. అక్కడ ఉదాహరణకు 19.5 వోల్టులు, 11.8 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే 230 వాట్లు. 20 వోల్టులు, 14 ఆంపియర్లయితే 280 వాట్లు. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంతో పనిలేకుండా ఎవరైనా వేసుకోగలిగే లెక్క ఇది. చార్జర్ పోయినా, ఎక్కడో మరిచిపోయి వచ్చినా కంగారు పడక్కర్లేదు. చాలా ల్యాప్‌టాప్‌ల అడుగున ఇవే అంకెలు ‘ఇన్‌పుట్’ దగ్గర అచ్చువేసి ఉంటాయి.

వోల్టేజీ విషయంలో బేరాల్లేవు. పాతదాని మీద ఎంతుంటే కొత్తదాని మీదా అంతే ఉండాలి. 19.5 బదులు 20 పెడితే పెద్దగా ఏమీ కాదని దుకాణాల్లో చెబుతారు. అర వోల్టు తేడాను చాలా ల్యాప్‌టాప్‌లు తట్టుకుంటాయన్నది నిజమే. కానీ లక్ష రూపాయల వస్తువు మీద ఆ ప్రయోగం మనమే ఎందుకు చేయాలి? సరిగ్గా అదే వోల్టేజీది దొరుకుతున్నప్పుడు దాన్నే అడగండి.

ఆంపియర్ల సంగతి వేరు. ఇక్కడ సమానంగా ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. ఎక్కువైతే ల్యాప్‌టాప్ కాలిపోతుందేమో అన్నది అందరికీ ఉండే భయం. పెళ్లి భోజనాలకు వంటమేస్త్రిని మాట్లాడుకోవడం లాంటిదే ఇదీ. 300 మందికి వండగల మేస్త్రిని పెట్టుకుని 200 మందిని పిలిస్తే ఎవరికీ నష్టం లేదు. వచ్చినవాళ్లు తినగలిగినంతే తింటారు, మేస్త్రీ చెమట పట్టకుండా పని ముగిస్తాడు. అదే 200 మందికి సరిపోయే మేస్త్రి మీదికి 300 మంది వస్తే... ఒక బంతి అవకుండానే సాంబారు నీళ్లవుతుంది. 180 వాట్ల చార్జర్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కి అదే కంపెనీది, అదే వోల్టేజీ, అదే పిన్ను ఉన్న 230 వాట్లది పెడితే దిగుల్లేదు. అది చల్లగా పనిచేస్తుంది కూడా. అలాగని ఆట వేగం పెరుగుతుందని మాత్రం ఆశపడొద్దు. ల్యాప్‌టాప్ తన ఆకలికి మించి తినదు.

తక్కువ వాట్లది పెడితే ఏమవుతుందో మొదట్లోనే చూశాం. తెలివైన ల్యాప్‌టాప్ అయితే తక్కువ వచ్చిందని గమనించి వేగం తగ్గించుకుంటుంది, చాలనిదాన్ని బ్యాటరీ నుంచి తోడుకుంటుంది. రోజూ ఇలా నింపుతూ తోడుతూ ఉంటే బ్యాటరీ ఆయుష్షు కరుగుతుంది. చార్జర్‌కేమో విశ్రాంతి ఉండదు. నాణ్యమైనదైతే తట్టుకోలేక ఆగిపోతుంది. నాసిరకంది ఆగదు... కాలుతుంది.

పిన్నులోని గూఢచారి

అంకెలన్నీ సరిపోయాయి. పిన్నూ ఎక్కింది. అయినా తెర మీద ‘చార్జర్ రకాన్ని గుర్తించలేకపోతున్నా, బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చు’ అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో ఓ హెచ్చరిక! డెల్ ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్లలో చాలామందికి పరిచయమైన బాధ ఇది. ఎందుకిలా?

కొన్ని కంపెనీల చార్జర్ పిన్ను లోపలికి తొంగిచూస్తే మధ్యలో సూదిలాంటి ఓ చిన్న ముల్లు కనిపిస్తుంది. కరెంటు వచ్చేది దానిగుండా కాదు. అది కబురు మోసే తీగ. డెల్ వాళ్ల చార్జర్‌లో చిన్న మెమరీ చిప్ ఉంటుంది. తాను ఎన్ని వాట్లదో, ఎవరి చార్జరో ఆ సూది ద్వారా ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. లెనోవో దీర్ఘచతురస్రాకారపు పిన్నులో రెసిస్టర్ విలువను బట్టి ల్యాప్‌టాప్ వాట్లను పసిగడుతుంది. హెచ్‌పీ పిన్నులోనూ ఇలాంటి గుర్తింపు సూదే ఉంటుంది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్ అపరిచితుణ్ని గుమ్మం దగ్గరే నిలబెట్టినట్టు చేస్తుంది. బ్యాటరీ నింపుకోదు, ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తుంది. ఒక్కోసారి ఒరిజినల్ చార్జర్‌కీ ఇదే జరుగుతుంది. సూది వంగినా, దానికి వెళ్లే సన్నటి తీగ తెగినా కబురు ఆగిపోతుంది కదా! డెల్ అయితే బయాస్ తెరలోకి వెళ్లి చూస్తే చార్జర్ ఎన్ని వాట్లదిగా గుర్తించిందో కనబడుతుంది. కొత్తది కొన్నప్పుడు దుకాణంలోనే అది చూసుకుని రావడం ఉత్తమం.

పిన్ను కొలతల్లోనూ మాయ ఉంది. 5.5 మిల్లీమీటర్ల వెడల్పు పిన్నుల్లో లోపలి రంధ్రం 2.5 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 1.7వీ ఉన్నాయి. పైకి రెండూ కవల పిల్లలే. ఏసుస్ గేమింగ్ మోడళ్లు చాలావాటికి 6.0 బై 3.7. డెల్‌కి 7.4 బై 5.0 పిన్ను బాగా వాడుకలో ఉంది. హెచ్‌పీ వాళ్ల నీలిరంగు పిన్ను 4.5 బై 3.0. అర మిల్లీమీటరు తేడాతో వదులుగా కూర్చున్న పిన్నులో పది పన్నెండు ఆంపియర్లు పారితే నిప్పురవ్వలు రావడానికి ఎంతోసేపు పట్టదు. అన్నిటికీ పనికొస్తుందంటూ పది రకాల ముక్కులతో అమ్మే ‘యూనివర్సల్’ చార్జర్ల జోలికి గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు వెళ్లకపోవడమే మేలు. వాటిలో చాలావరకు అన్ని వాట్లూ ఇవ్వలేవు. పిన్ను మార్చే ఆ చిన్న ముక్కులు అంత కరెంటు కోసం చేసినవీ కావు.

మరి టైప్-సి?

ఫోన్‌కీ, ఇయర్‌ఫోన్‌కీ, ల్యాప్‌టాప్‌కీ ఒకటే చార్జర్... వినడానికి ఎంత బాగుందో! ఐరోపా సమాఖ్య 2022లో చేసిన చట్టం ప్రకారం అక్కడ అమ్మే ఫోన్లకు 2024 డిసెంబర్ 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి టైప్-సి చార్జింగ్ తప్పనిసరి. మన దగ్గరా బీఐఎస్ టైప్-సికి ప్రమాణాన్ని ప్రకటించింది. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల దగ్గరికొచ్చేసరికి మాత్రం కాస్త ఆగాలి.

టైప్-సి ద్వారా కరెంటు అందించే విధానానికి చాలాకాలం 100 వాట్లే హద్దు. 2021లో దాన్ని 48 వోల్టులు, 5 ఆంపియర్లతో 240 వాట్లకు పెంచారు. అయితే హద్దు పెరిగినంత మాత్రాన మీ ల్యాప్‌టాప్ అంత తీసుకోదు. టైప్-సి చార్జింగ్ ఉన్న గేమింగ్ మోడళ్లలో చాలావరకు 100 వాట్ల దగ్గరే ఆగుతాయి. కొన్ని కొత్తవి 140 దాకా తీసుకుంటాయి. 330 వాట్ల రాక్షసులకైతే ఆ 240 కూడా చాలదు. ఇంకో చిక్కు... టైప్-సి రంధ్రం కనిపించినంత మాత్రాన అది చార్జింగ్‌కి పనికొస్తుందనీ లేదు. కొన్ని డేటాకే పరిమితం. మోడల్ వివరాల్లో ‘పవర్ డెలివరీ ఇన్’ అన్న మాట ఉందో లేదో చూడాలి.

అయితే ఇదంతా పనికిరాదనడం లేదు. కాలేజీలో క్లాసు నోట్సు రాసుకోవడానికి, రైల్లో సినిమా చూడటానికి కిలో బరువున్న ఇటుకను మోయడం ఎందుకు? ల్యాప్‌టాప్ ఒప్పుకుంటే 100 వాట్ల టైప్-సి చార్జర్ ఒకటి సంచిలో పడేసుకుంటే చాలు. ఇంటి దగ్గర ఆటకు అసలు ఇటుక ఎలాగూ ఉంటుంది. తీగ కూడా అంత కరెంటుకు సరిపడేదై ఉండాలి. ఫోన్‌తో వచ్చిన తీగతో పని జరగదు, 100 లేదా 240 వాట్లు అని రాసి ఉన్నదే కొనాలి. ఈ మధ్య అరచేతిలో పట్టే ‘గాన్’ చార్జర్లు వస్తున్నాయి. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసినవి. నీలిరంగు ఎల్ఈడీకి ప్రాణం పోసి, 2014లో ముగ్గురు జపాన్ సంతతి శాస్త్రవేత్తలకు నోబెల్ తెచ్చిపెట్టిన పదార్థమే ఇది. వేడి తక్కువ, అందుకే సైజూ తక్కువ.

అసలు, నకలు, అచ్చం అసల్లాంటి నకలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లినా, కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగినా, ఢిల్లీ నెహ్రూప్లేస్‌కి పోయినా చార్జర్లలో మూడు జాతులు కనిపిస్తాయి. కంపెనీ తన పేరుతో అమ్మేది ఒకటి. తన సొంత పేరు వేసుకుని, ఫలానా మోడళ్లకు పనికొస్తుందని చెప్పి అమ్మే ‘కంపాటిబుల్’ రెండోది. వేరేవాళ్ల పేరు అచ్చువేసుకుని తిరిగే నకిలీ మూడోది. రెండోదాంట్లో మంచివీ ఉన్నాయి, వాటిని తప్పుపట్టక్కర్లేదు. మూడోదే దొంగ. ధర చూసి ఆశపడితే మన దాకా వచ్చేది అదే.

నకిలీని పట్టుకోవడం ఎలా? స్టిక్కరు మీద అచ్చుతప్పులుంటే అక్కడే ఆపేయొచ్చు. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చిన వాట్లు, పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు ఒకటి కాకపోతే అది నకిలీయే. వింతేమిటంటే ఇలాంటివి నిజంగానే దొరుకుతాయి. బరువు కూడా ఓ గుర్తే. 280 వాట్ల ఇటుక చేతిలో దూదిలా తేలిపోతే అనుమానించాలి. ‘గాన్’ రకం తేలిగ్గానే ఉంటుంది కాబట్టి తూకం ఒక్కదాన్నే నమ్మడానికీ లేదు.

వీటన్నిటికంటే గట్టి ఆధారం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు ప్రకారం ల్యాప్‌టాప్‌లతోపాటు వాటి పవర్ అడాప్టర్లకూ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. స్టిక్కరు మీద బీఐఎస్ గుర్తు, దాంతోపాటు ‘ఆర్’ అనే ఇంగ్లిష్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉంటాయి. ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఇచ్చిన నంబరో వచ్చేస్తుంది. బంగారు నగల హాల్‌మార్క్ నంబరు సరిచూసుకునే యాప్ ఇదే కాబట్టి చాలా ఇళ్లలో అమ్మల ఫోన్లలో ఇప్పటికే ఉండి ఉంటుంది. నంబరు టీవీదో, ఎల్ఈడీ బల్బుదో అని తేలితే చార్జర్‌ని మర్యాదగా కౌంటర్ మీద పెట్టి వచ్చేయొచ్చు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగేటప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్, డెల్ అయితే సర్వీస్ ట్యాగ్ చెబితే సరిపోయే చార్జర్ పార్ట్ నంబరు వాళ్లే తీస్తారు. ధర ఎక్కువనిపించినా ఒకసారి అడగడంలో పోయేదేం లేదు. వారంటీ మిగిలి ఉంటే చార్జర్ కూడా అందులోకి వస్తుందేమో కనుక్కోండి. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మకందారు పేరు, వస్తువు ఏ దేశానిదన్న వివరం, ఫిర్యాదులు తీసుకునే అధికారి ఎవరన్నది చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అవేవీ లేని చోట కొనొద్దు. జీఎస్టీ బిల్లు అడగండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు లేకుంటే అక్కడా మన మాట నిలవడం కష్టం.

అన్నయ్య డాలస్ నుంచి తెచ్చాడు

మన ఇళ్లలో ల్యాప్‌టాప్‌లన్నీ ఇక్కడ కొన్నవే ఉండవు కదా. అమెరికా నుంచి అన్నయ్యో, బావో తెచ్చినవీ చాలానే ఉంటాయి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. పూర్వం అమెరికా మిక్సీ వస్తే దానికి తోడుగా ఇంకో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సి వచ్చేది. ఆ భయంతో ల్యాప్‌టాప్‌కీ అదే తగిలించేవాళ్లున్నారు. అవసరం లేదు. ఇటుక మీద ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 అని ఉంటే అది రెండు దేశాల్లోనూ పనిచేస్తుంది. మార్చాల్సింది ఇటుకను కాదు, గోడకు పెట్టే తీగను. అమెరికా తీగ ప్లగ్గు మీద సాధారణంగా 125 వోల్టులనే రాసి ఉంటుంది. దానికి మార్పిడి ముక్క తగిలించి మన 230లో వాడటం కన్నా, ఐఎస్ఐ గుర్తున్న ఇక్కడి మూడు పిన్నుల తీగ కొనుక్కోవడం ఉత్తమం.

ఎంఎస్‌కి వెళ్లే పిల్లల విషయంలో ఇదే తిరగేసుకోవాలి. ఇక్కడి చార్జర్ అక్కడా పనిచేస్తుంది. తీగ మాత్రం అక్కడికెళ్లాక కొనుక్కోవచ్చు. ఒక్క జాగ్రత్త... వోల్టేజీ సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు పారుతుంది. 280 వాట్ల చార్జర్ ఇక్కడ గోడ నుంచి సుమారు 1.4 ఆంపియర్లు తీసుకుంటే, అక్కడ 2.6 దాటుతుంది. మూడు గుండ్రటి రేకుల ఆకారంలో ఉండే చిన్న తీగల సామర్థ్యం 2.5 ఆంపియర్లే. పెద్ద గేమింగ్ చార్జర్లకు డెస్క్‌టాప్ తరహా లావుపాటి తీగ ఇచ్చేది అందుకే.

అతుకుల బొంత వద్దు

పిన్ను దగ్గర తీగ తెగితే పాత పిన్ను కోసి, కొత్తది అతికించి ఇచ్చే మెకానిక్‌లు వీధికొకరుంటారు. చిన్న ల్యాప్‌టాప్‌లకు ఆ వైద్యం కొన్నాళ్లు నడుస్తుంది. గేమింగ్ చార్జర్‌కి ఎందుకు వద్దంటున్నామో చెప్పే లెక్క ఇదిగో. సరిగ్గా అతకని చోట 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 3 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి ఒక వాటు లోపే. 11.8 ఆంపియర్లు పారితే దాదాపు 14 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ మొనలో ఉండేంత వేడి, మీ చేతికి అందేంత దూరంలో, టేపు చుట్టిన తీగలో! ఆ పని చేయించక తప్పదనుకుంటే కంపెనీ తీగనే పూర్తిగా ఇటుక లోపలి నుంచి మార్పించాలి. మధ్యలో అతుకు వేయించొద్దు.

కొత్తది కొన్నాక దాని కాపురం ఎలా ఉండాలన్నదీ చూద్దాం. ఇలాంటి ఇటుక గోడ నుంచి తీసుకున్న కరెంటులో పదో వంతు దాకా వేడిగా మారుస్తుంది. 230 వాట్లదైతే పాతిక, ముప్ఫై వాట్లు. దాన్ని దుప్పటి మీద, దిండు కింద పెడితే ఆ వేడి ఎటుపోతుంది? నేల మీదో, బల్ల మీదో గాలి ఆడేలా పెట్టండి. ల్యాప్‌టాప్ ఒంటి మీద చెయ్యి పెడితే చిమచిమలాడుతోందని కొందరంటారు. ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోయినా, మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు వాడినా అలా అనిపిస్తుంది. చార్జర్ మార్చితే అది పోదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఆట ఆడితే, రెండు ఫ్యాన్లకు లెక్కవేసుకుని పెట్టించుకున్న ఇన్వర్టర్ మీద ఇంకో మూడున్నర ఫ్యాన్ల బరువు పడ్డట్టే. అదీ సైన్‌వేవ్ రకం కాకపోతే చార్జర్ గుయ్యిమంటూ మూలుగుతుంది.

ఇక తీగను చుట్టిపెట్టే అలవాటు. పని అవగానే ఇటుక చుట్టూ బిగించి, చివర ముడేసి బ్యాగులో కుక్కేస్తాం. 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన సర్ఫేస్ ప్రో ట్యాబ్లెట్ల కరెంటు తీగల్ని అమెరికాలో 20 లక్షలకు పైగా వెనక్కి పిలిపించుకుంది. పదేపదే బిగించి చుట్టినా, మెలిపెట్టినా అవి దెబ్బతిని వేడెక్కుతున్నాయన్నదే కారణం. అంతకుముందు 2014లో హెచ్‌పీ కూడా వేడెక్కే ప్రమాదం ఉందంటూ అమెరికా, కెనడాల్లో దాదాపు 60 లక్షల చార్జర్ తీగల్ని మార్చి ఇచ్చింది. రెండుసార్లూ బాగానే ఉన్నది ఇటుక, పాడైంది తీగ. అందుకని ఇటుక నుంచి తీగ బయటికొచ్చే చోట ఓ అంగుళం తిన్నగా వదిలేసి, ఆ తర్వాత అరచెయ్యి పట్టేంత వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టండి. వెల్క్రో పట్టీ ఉంటే అది, లేకపోతే పాత షూ లేసు ముక్కయినా సరిపోతుంది.